మెమరీ నిండుకుంది

“అమ్మాయ్, మెమరీ నిండుకుంది. ఉన్నపళంగా బయల్దేరి రా.”

పొద్దున్నే ఫోన్లో ఈ మాట వినబడేసరికి నేను ఖమ్మంలో, ఖానాపురం హవేలిలోని మా కిరాయి ఇంటి డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. ముసురు పట్టి వదలని రోజులు. కాస్త తెరిపిచ్చింది కదా అని బకెట్ నిండా మోసుకొచ్చాను. నోట్లో క్లిప్పు ఉండగానే నవ్వేశాను. అవతల ఆయన కంగారులో ఉన్నారని గొంతులోనే తెలుస్తోంది, అయినా నవ్వు ఆగలేదు. ‘నిండుకుంది’ అన్న ఆ మాట మీద నాకు చిన్నప్పటి నుంచీ అంత ప్రేమ.

మాది ఉర్దూ మాట్లాడే ఇల్లు. తెలుగు నేను వీధిలో నేర్చుకున్నాను, అందులో సగం పక్కింటి పెద్దమ్మ దగ్గర. ఒకరోజు ఆమె వంటింట్లోంచి కేకేసి, “నూనె నిండుకున్నదే, జల్దీ పోయి దుకాణంల తీస్కరా” అంది. నేను నూనె డబ్బా మూత తీసి చూశాను. అడుగున చుక్క కూడా లేదు. నిండితే మళ్లీ కొనడమెందుకు, నిండిన డబ్బా ఖాళీగా ఎందుకుంది అని నిలదీశాను. ఇల్లంతా పడీ పడీ నవ్వారు. నూనె లేదు, బియ్యం లేవు అని ఇంట్లో నోటితో అనకూడదట, అంటే నిజంగానే లేకుండా పోతాయట. అందుకని నిండుకుంది అంటారట. ఖాళీ అవడాన్ని నిండడం అని పిలిచే భాష ఉందని తెలిసిన సంబరంలో డబ్బా ఊపుకుంటూ దుకాణం దాకా పరుగెత్తాను.

ఇప్పుడేమో ఈ ఫోన్. మెమరీ నిండిందా, అయిపోయిందా? కంప్యూటర్ విషయంలో రెండూ ఒకటే! నిండిందంటేనే అయిపోయినట్టు. ఇన్నేళ్లుగా ఊరూరా తిరిగి సర్వర్లు బాగుచేస్తున్నాను గానీ, జబ్బు పేరు ఇంత కచ్చితంగా చెప్పినవాళ్లు ఒక్కరూ తగల్లేదు.

ఫోన్ చేసిన ఆయనకు సారపాకకు ఇవతల, రోడ్డు పక్కన సొంత వేబ్రిడ్జి ఉంది. అడవి అంచు ఊళ్ల నుంచి జామాయిల్ కర్ర, వెదురు వేసుకొచ్చే లారీలు ఆ కాంటా ఎక్కి తూకం చూసుకుని పోతాయి. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కున్న కుటుంబం. మనిషి మంచివారే, మాటల్లో మాత్రం పాత పట్టింపులు. ఆయన కాంటా గదిలో “లేదు” అన్న మాట వినబడకూడదు. చిల్లర నిండుకుంటుంది, టీపొడి నిండుకుంటుంది. కరెంటు పోతే “వస్తోంది” అనాలి, పనివాడు రాకపోతే “రేపొస్తాడు” అనాలి. మా నాన్న ఖమ్మంలో కాంటాలు, తక్కెళ్లు బాగుచేసేవారు. ఆ పరిచయం మీదే, ఆయన తన కాంటాను కంప్యూటర్‌తో నడపాలనుకున్నప్పుడు, లినక్స్ ఎక్కించిన చిన్న సర్వర్ ఒకటి నాతో పెట్టించుకున్నారు. తూకం వేసే ప్రోగ్రాం హైదరాబాద్ వాళ్లెవరో రాసిచ్చారు. మిషన్ బాగోగులు నావి.

“ఏమైంది సార్?” అన్నాను నవ్వు దిగమింగి.

“ఏమవుతుంది? స్క్రీన్ మీద ఎర్రగా మెమరీ ఫుల్ అని వస్తోంది. ఉన్నట్టుండి కాంటా బిగుసుకుపోతోంది. లారీలు రోడ్డు మీద బారులు తీరాయి. కొత్తగా పెట్టుకున్నానే, ఆ పిల్ల సినిమాలన్నీ ఎక్కించేసి ఉంటుంది. నువ్వొచ్చి అవేంటో చూపించు, సాయంత్రానికి పంపించేస్తా.”

నా నవ్వు టక్కున ఆగిపోయింది.

ఆ అమ్మాయిని నేను చూడలేదు, ఫోన్లో మాట్లాడాను. అడవి లోపలి కోయ పల్లె వాళ్లది. డిగ్రీ చదివి, వానలు మొదలైనప్పుడు ఆ కాంటాలో ఆపరేటర్‌గా చేరింది. సారపాకలో చిన్న గది కిరాయికి తీసుకుని, తల్లిని కూడా తెచ్చుకుంది. “గిప్పుడు మా అమ్మ మిరపకాయలు ఏరనీకి పోతలేదక్కా” అని ఒకసారి మాటల్లో గర్వంగా చెప్పింది. ఈ పని పోతే తల్లీకూతుళ్లిద్దరూ మళ్లీ ఆ మిరపచేలలోకే.

మన జనానికి మెమరీ అంటే ఫోన్లో ఫొటోలు, పాటలు దాచుకునే జాగా. మెమరీ ఫుల్ అంటే ఎవరో ఏదో ఎక్కించినట్టే లెక్క. కంప్యూటర్‌కి సామాను దాచుకునే చోటు వేరు, అప్పటికప్పుడు పని చేసుకునే మెమరీ వేరు. అదే చెప్పబోతుంటే ఆయన ఫోన్ పెట్టేశారు. తడిబట్టలు బకెట్లోనే వదిలేసి, షేర్ ఆటో ఎక్కి బస్టాండుకి పరుగెత్తాను.

నిజం చెప్పొద్దూ, బస్సులో కూర్చున్నాక కోపం సగం, సంబరం సగం. కోపం ఎందుకో చెప్పాను. సంబరం ఎందుకంటే, ఇలాంటి చిక్కుముడి దొరికితే నాకు కాలు ఒక చోట నిలవదు. కొత్తగూడెం దాటే దాకా ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని సర్వర్లోకి వెళ్లాలని చూశాను. నెట్ వచ్చినట్టే వచ్చి పోతోంది. చివరికి మూసేసి, కిటికీలోంచి తడిసిన తోటలు చూస్తూ మనసులోనే లెక్కలు వేసుకున్నాను. పక్క సీటావిడ “ఇంటర్వ్యూకి పోతున్నవా బిడ్డా?” అని అడిగింది. అంత వెలిగిపోతోందట నా మొహం.

బస్సు దిగేసరికి కాంటా ముందు లారీల వరుస మలుపు దాకా ఉంది. తడిసిన జామాయిల్ బెరడు వాసన జలుబు మందులా ముక్కుకు కొట్టింది. అడవి దారుల్లోంచి వచ్చిన బండ్లు కదా, టైర్ల నుంచి అద్దాల దాకా ఎర్రమట్టి మెత్తుకుని ఉన్నాయి. కాంటా గది అరుగు మీద ఒక అమ్మాయి భుజాన బ్యాగుతో నిలబడి ఉంది. గొంతు వినగానే ఆమే అని తెలిసింది.

“అక్కా, నేనేం ఎక్కియ్యలే. నా ఫోన్లనే జాగ లేదు, సినిమాలు యాడికెల్లి తెస్త?”

“ఆ మాటేంటమ్మా కాంటా దగ్గర” అని లోపలి నుంచి వినబడింది. ఆయనకు వినబడింది “లేదు” ఒక్కటే.

అమ్మాయి నన్ను పక్కకు లాగి గొంతు తగ్గించింది. “అక్కా, ఒక్కటి అడుగుత. ‘నీకిక్కడ పని నిండుకుందమ్మా’ అన్నరు సారు, డ్రైవర్లందరి ముందట. అంటే ఏంది? పని మస్తుగున్నదనా, పొమ్మన్నట్టా? నాకు సమజ్ కాక పొద్దటి సంది నిలబడ్డ.”

నాకు నవ్వు రాలేదు. నూనె డబ్బా పట్టుకుని నిలబడ్డ నా చిన్నతనమే ఎదురుగా కనబడింది. కాకపోతే నేను పొరబడితే ఇల్లంతా నవ్వింది, ఈమె పొరబడితే ఇల్లు గడవదు. “నువ్వు యాడికీ పోకు, నా పక్కనే ఉండు” అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాను.

ఆయన ఆమె కుర్చీలో కూర్చుని ఉన్నారు. గుమ్మానికి ఆనుకుని ఒక లారీ డ్రైవర్, తన వంతు వచ్చే దాకా తమాషా చూద్దామని నిలబడ్డాడు. నేను స్టూలు లాక్కుని కీబోర్డు ముందుకు జరుపుకున్నాను. ముందు డిస్క్ చూశాను. సినిమాలే ఉంటే అక్కడ దొరకాలి. సగానికి పైగా ఖాళీ.

“సార్, ఇది బీరువా అనుకోన్రి. కాంటా ఎక్కిన బండ్ల ఫొటోలు తప్ప ఇందుల ఏం లెవ్వు.”

“ఫొటోలే ఉన్నాయి అనొచ్చుగా” అన్నారాయన.

“సరే, ఫొటోలే ఉన్నయి. నిండింది బీరువా కాదు సార్, పని చేసుకునే బల్ల.”

“మరి బల్ల మీద అంత సామాను ఎవరు పరిచారు?”

ఆ ప్రశ్న మాత్రం సరైనదే. నాకూ అదే కావాలి. నడుస్తున్న ప్రోగ్రాంల పట్టీ తెరిచాను. కాంటా ప్రోగ్రాం, కెమెరా ప్రోగ్రాం, ఇంకొన్ని చిల్లర పనులు. అన్నీ కలిపినా మెమరీలో చిన్న ముక్క. మిగతాదంతా వాడుకలో ఉందని మిషన్ చెబుతోంది, వాడుతున్నది ఎవరో మాత్రం పట్టీలో కనబడదు. తిండిపోతు ప్రోగ్రాం ఏదో ఒకటి దొరుకుతుందనుకుని వచ్చాను, తీరా చూస్తే తిన్నది ప్రోగ్రాం కానే కాదు! మిషన్‌లో అన్నిటికీ పెద్దరికం చేసే కెర్నెలే సొంతానికి ఏదో దాచుకుంటోంది.

“దొరికిందా?” అన్నారాయన నా మొహం చూసి.

“క్యాష్ పెరిగింది సార్, మస్తుగ పెరిగింది!”

“క్యాషా? ఎక్కడ?” అని ఆయన చెయ్యి చటుక్కున బల్ల సొరుగు మీదికి పోయింది. డ్రైవర్ పకపకా నవ్వాడు.

“గా క్యాష్ కాదు సార్. మళ్లీ అవసరం పడతదేమోనని మిషన్ తన దగ్గర్నే పెట్టుకునే సామాను. దాన్ని గూడ క్యాష్ అనే అంటరు.”

సాధారణంగా ఆ సామాను అంటే ఫైళ్లలో ఉన్న సరుకు. ఒకసారి చదివిన ఫైల్‌ను మళ్లీ అడుగుతారేమోనని మెమరీలో ఉంచుకోవడం. దాన్ని వదిలెయ్యమని ఆజ్ఞ ఇచ్చాను. మెమరీ వాడకం రవ్వంత తగ్గింది, అంతే. అయితే అది కూడా కాదు! మిగిలింది ఒక్కటే. కెర్నెల్ తన సొంత వస్తువులను ఎన్నెన్ని పెట్టుకుందో చూపించే పట్టీ ఒకటి ఉంటుంది, అది తెరిచాను. మొదటి వరుసలోనే కూర్చుని ఉంది దొంగ. పేరు డెంట్రీ.

ఫలానా పేరుతో ఫలానా చోట ఫైల్ ఉందని కెర్నెల్ పెట్టుకునే చిన్న గుర్తు అది. ఎంత చిన్నదంటే ఎవరూ పట్టించుకోరు. మామూలుగా ఫైల్‌కి ఒకటి ఉంటుంది. ఈ డిస్క్ మీద ఫైళ్లేమో వేలల్లో, గుర్తులేమో కోట్లలో. కారేపల్లి లాంటి చిన్న ఊళ్లో ఉన్న ఇళ్లకి దేశంలో ఉన్నన్ని తలుపులు బిగించినట్టు. స్టూలు మీంచి ఎగిరి గంతేసినంత పని చేశాను.

ఆ ఊపులో తొందరపడ్డాను. ఆ గుర్తులన్నీ వదిలెయ్యమని ఆజ్ఞ కొట్టేశాను. తెర బిగుసుకుపోయింది. కాంటా మీదున్న లారీ తూకం అంకె ఎక్కడిదక్కడే ఆగింది. కోట్ల గుర్తులను ఒక్కొక్కటిగా చింపి పారెయ్యాలంటే మిషన్‌కి ఊపిరాడదు మరి. పొద్దుట్నుంచీ కాంటా మాటిమాటికీ బిగుసుకుపోయింది ఇందుకేనన్నమాట. మెమరీ చాలక కెర్నెల్ తనంతట తానే చెత్త ఎత్తిపోసుకుంటున్న ప్రతిసారీ ఇదే జరిగింది! బయట లారీలు హారన్లు మొదలుపెట్టాయి. ఆయన కుర్చీలోంచి లేచారు. నేను మాత్రం ఆ బిగుసుకుపోవడాన్ని కూడా నోరు తెరుచుకుని ఆనందంగా చూస్తున్నాను. కాసేపటికి తెర కదిలింది. ఎర్ర గీత మాయం. మెమరీ అంతా ఖాళీ. చప్పట్లు కొట్టాను.

“ఏం తీసేశావ్?” అన్నారాయన.

“కెర్నెల్ గుర్తులు సార్.”

“అంటే ఏంటి? చూపించు.”

నాలుక కరుచుకున్నాను. ఏం చూపిస్తాను? అన్నీ పోయాయి.

“చూపించకుండానే తీసేశావా? ఇప్పుడర్థమైంది. ఇద్దరూ ఆడపిల్లలేగా, ఒకరినొకరు కాసుకుంటారు.”

అమ్మాయి బ్యాగు పట్టీని గట్టిగా పట్టుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద ఎంతో, నా తొందర మీద అంతకు రెండింతలు. నేను చేసిన నిర్వాకానికి ఆమె పని పోయేటట్టుంది.

“సార్” అన్నాను లేచి నిలబడి, “మల్ల నిండుతది. మీ కండ్ల ముందటనే నిండుతది. మీరు గిట్లనే కూసోన్రి. ఈ పిల్ల బండి నంబర్ తప్ప వేరేది కొడితే నన్నడుగున్రి.”

ప్రోగ్రాంలన్నీ ఆపి మళ్లీ మొదలుపెట్టాను. కెర్నెల్ ఆ గుర్తుల లెక్కను ఒక చోట ఎప్పటికప్పుడు చూపిస్తుంది. ఆ అంకెలను తెర మీద పెద్దగా కనబడేటట్టు పెట్టాను. అందులో నాకు కావలసిన అంకె ఒకటుంది. ఉన్న ఫైళ్ల గుర్తులు కాక, వేరే రకం గుర్తుల లెక్క అది. అదేంటో అప్పుడే చెప్పలేదు, నాకూ అనుమానమే కానీ రుజువు లేదు. ఆయన పక్క కుర్చీకి మారారు, అమ్మాయి తన కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అంకె నిలకడగా ఉంది. డ్రైవర్ కూడా మెడ సాచి చూస్తున్నాడు.

మొదట ఊరి దగ్గరి బండి ఒకటి కాంటా ఎక్కింది. నంబర్ ప్లేటు తళతళలాడుతోంది. అమ్మాయి నంబరు కొట్టింది. అంకె కాస్త పెరిగి, కెమెరా ఫొటో తెర మీదికి రాగానే ఆగిపోయింది.

“ఏదీ? నిండలేదుగా” అన్నారాయన. అని, తన నోటే “లేదు” వచ్చిందని గుర్తొచ్చి దగ్గారు.

“ఆగున్రి సార్.”

తర్వాత గుమ్మం దగ్గరున్న డ్రైవర్ వంతు. అతను పోయి బండి ఎక్కించాడు. లోపలి అడవి నుంచి వచ్చిన జామాయిల్ లారీ, ప్లేటు ఉందన్న ఆనవాలు కూడా తెలియనంత మట్టి. అమ్మాయి నంబరు కొట్టింది. అంకె పరుగందుకుంది. తూకం అయింది, కాంటా చీటీ వచ్చింది, డ్రైవర్ బండిని పక్కకు తీసి ఆపి మళ్లీ గుమ్మంలోకి వచ్చాడు. అంకె పరిగెత్తుతూనే ఉంది. బండి లేదు, కీబోర్డు మీద చెయ్యి లేదు, అయినా అంకె ఆగదు!

“ఏందది, మీటరా?” అన్నాడు డ్రైవర్. “నేను ఆటో నడిపినప్పుడు మీటర్ గూడ గంత జోరుగ తిరగకపోతుండె.”

ఆయన కళ్లజోడు సవరించుకుని కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. నాకు చెప్పలేనంత ఆనందం. ఇప్పుడిక ప్రోగ్రాం కెర్నెల్‌ని ఏం అడుగుతోందో పక్కన నిలబడి వినడమే మిగిలింది. అందుకు ఒక సాధనం ఉంది, అది పెట్టగానే తెర మీద వరుసలు జలజలా కురిశాయి. ఆయన చదువుకోవడానికి వీలుగా ఆపాను.

వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివారు. “ఇది ఏపీ. ఇది టీఎస్. ఇది టీజీ. నంబరు మాత్రం ఒకటే. ఇదే బండి కదూ?”

“అవ్ సార్, ఒక్కటే బండి.”

మా రోడ్ల మీద మూడు కాలాల బండ్లు తిరుగుతాయి. ఉమ్మడి రాష్ట్రంలో కొన్నవి ఏపీ, తెలంగాణ వచ్చాక కొన్నవి టీఎస్, ఈమధ్య కొన్నవి టీజీ. డ్రైవర్‌ని నంబరు అడిగితే ముందున్న అక్షరాలు చెప్పే అలవాటు ఎవరికీ లేదు, ఉత్త అంకెలే చెబుతారు. అందుకని ప్రోగ్రాం ఆ నంబరుకు మూడింటినీ తగిలించి ఫొటో కోసం వెతుకుతోంది. అంతవరకూ తెలివైన పనే. కానీ కెమెరా తను తీసిన ఫొటోకు ప్లేటు నంబరుతో పాటు ఆ క్షణాన్ని కూడా పేరులో కలుపుతుంది, సెకనులో వెయ్యో వంతు దాకా. ప్రోగ్రాంకి ఆ క్షణం తెలియదు. అందుకని ప్రతి క్షణం పేరుతోనూ, ఆ మూడు రకాల ముందక్షరాలతోనూ అడుగుతోంది. ప్లేటు శుభ్రంగా ఉంటే కాసేపట్లో దొరుకుతుంది. మట్టి పట్టిన ప్లేటును కెమెరా చదవలేదు. ఆ పేరుతో ఫొటో పుట్టదు, ప్రోగ్రాం అడగడం మానదు.

“ఈ చివర నో సచ్ ఫైల్ అని ప్రతి వరుసకీ ఉందేంటి?” అన్నారాయన.

“కెర్నెల్ చెప్పే జవాబు సార్ అది. లేదు అంటున్నది.”

ఆయన వేలు తెర మీదే ఆగిపోయింది. నేను ఇక ఆగలేకపోయాను. చేతులు ఊపుకుంటూ చెప్పేశాను. ఉన్నదాన్నే కాదు, లేనిదాన్ని కూడా కెర్నెల్ గుర్తు పెట్టుకుంటుంది. ఫలానా పేరుతో ఫైల్ లేదు అని ఒక గుర్తు రాసి మెమరీలో పెట్టుకుంటుంది, మళ్లీ ఎవరైనా అదే పేరు అడిగితే డిస్క్ దాకా పోకుండా లేదని చెప్పడానికి. మంచి అలవాటే. కానీ ఈ ప్రోగ్రాం అడిగిన పేరు మళ్లీ అడగదు. ప్రతిసారీ కొత్త క్షణం, కొత్త పేరు, కొత్త లేదు. అవన్నీ పోగుపడుతున్నాయి. బల్ల మీద పరిచి ఉన్నది సినిమాలు కాదు, పాటలు కాదు. ఉత్త లేదులు!

“వానల సంది ప్లేట్లకు మట్టి, మట్టి సంది గిది. ఈమె వచ్చింది గూడ వానలప్పుడే గదా, అందుకే మీకు ఈమె మీద అనుమానమొచ్చింది.”

“అసలు దొరక్కపోతే ఆగాలిగా? ఎందుకు ఆగదది?” అన్నారు, గొంతు కాస్త తగ్గించి.

ప్రోగ్రాం అమరికలు తెరిచాను. ఎంతసేపు వెతకాలి అన్న చోట, ఎప్పటికీ ఆపొద్దు అని ఉంది. “మామూలుగ గిట్ల పెట్టరు సార్. కాసేపు వెతికి, ఫొటో లేదు అని తెర మీద చూపిస్తరు. మీకు రాసిచ్చినోళ్లు ఎందుకు గిట్ల పెట్టిన్రో మరి.”

ఆయన కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు. చివరికి తనే చెప్పారు. ప్రోగ్రాం చేయించుకున్న రోజున హైదరాబాద్ కుర్రాళ్లకు గట్టిగా చెప్పారట, నా కాంటా మీద ఫొటో లేదు అన్న ముక్క ఎప్పుడూ కనబడకూడదు అని. వాళ్లు ఆ మాట తు.చ. తప్పకుండా పాటించారు.

డ్రైవర్ గుమ్మం పట్టుకుని విరగబడి నవ్వాడు. “పైకి అనొద్దన్నరని కడుపుల దాచుకున్నది సార్ మీ మిషను!”

నేను కూడా నవ్వాను, నిండు ఉత్సాహంతో. ఇంత చక్కటి రోగం నేను ఇంతవరకు చూడలేదు. వెతకడాన్ని కాసేపటికే ఆపేటట్టు అమరిక మార్చాను. తెర మీద ఏం రాయాలన్న దగ్గర మళ్లీ తకరారు. ఆయన ససేమిరా “లేదు” వద్దంటారు. నేను అమ్మాయి వైపు తిరిగి, “ఫొటో రాకపోతే నువ్వు డ్రైవర్లకు ఏం చెప్తవ్?” అని అడిగాను. “ప్లేటు కడుక్కురమ్మంట” అంది. అదే రాశాను: నంబర్ ప్లేటు కడగండి. ఆయనకు నచ్చింది. అంకె ఆగింది. మెమరీ హాయిగా ఖాళీగా ఉంది. నా పని అయిపోయింది, ఆకలి కూడా దంచేస్తోంది.

అమ్మాయి మాత్రం అంకె ఆగగానే కుర్చీలోంచి లేచింది. బ్యాగు భుజం మీదే ఉంది.

“మరి నా ముచ్చటేంది సార్?”

“ఏముందమ్మా, అంతా సర్దుకుందిగా. కూర్చో, పని చూసుకో” అన్నారాయన.

ఆమె కూర్చోలేదు. “పొద్దుగాల గిదే గదిల, గీళ్లందరి ముందట అన్నరు, సినిమాలు ఎక్కిచ్చిందని. గిప్పుడు గీళ్ల ముందటనే చెప్పున్రి.”

గుమ్మం దగ్గర అప్పటికి ఇంకో ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు పోగయ్యారు. ఆయన అటు చూసి, ఇటు చూసి, “పొరపాటు మిషన్‌దయ్యా” అన్నారు. ఆమె కదల్లేదు. “అమ్మాయి మంచిదేనయ్యా, పనిమంతురాలు” అన్నారు. ఆమె కదల్లేదు. నాకు లోపల ఉత్కంఠ తట్టుకోలేనంతగా ఉంది. మెమరీ నిండినప్పుడు కూడా అంతగా ఊపిరి బిగబట్టుకుని కూర్చోలేదు నేను.

“గట్ల కాదు సార్” అంది మెల్లగా. “పని నిండుకుందంటిరి, సమజ్ కాక పొద్దటి సంది బయట నిలబడ్డ. నాకు సీదా చెప్పున్రి. నా తప్పు ఉన్నదా, లేదా?”

ఆయన గోడ మీదున్న రాములవారి పటం వైపు చూశారు. తర్వాత కాంటా అంకె చూపించే డబ్బా వైపు చూశారు, దానికి క్షమాపణ చెప్పుకుంటున్నట్టు దాని మీద అరచెయ్యి పెట్టారు.

“లేదు” అన్నారు.

గుమ్మం దాకా వినబడలేదేమోనని ఆయనకే అనిపించినట్టుంది. డ్రైవర్ల వైపు తిరిగి ఈసారి గొంతెత్తి అన్నారు. “ఈ అమ్మాయి తప్పేమీ లేదు. సినిమాలూ లేవు, ఏమీ లేవు. నేనే తెలియక అన్నాను.”

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వూ వచ్చింది. అమ్మాయి భుజం మీంచి బ్యాగు తీసి కుర్చీకి తగిలించింది. కూర్చుని కీబోర్డు ముందుకు లాక్కుని, గుమ్మంలో ముందున్న డ్రైవర్‌ని అడిగింది.

“నంబర్ చెప్పున్రి.”